మార్కు దగ్గిన చోటు

టీవీలో మార్కు నోరు తెరిచాడు. మెడమీద నరాలు ఉబ్బాయి, కుడిచెయ్యి గాల్లోకి లేచింది, కళ్ళు సగం మూతపడ్డాయి. పాట మాత్రం రాలేదు.

"సౌండు పెంచవే," అంది రెబ్కా గుమ్మంలోనే నిలబడి.

"పెంచానమ్మా. ఇంక పెంచడానికేం లేదు."

శాంతి రిమోటును టీవీకి ఆనించినంత దగ్గరగా పెట్టి నొక్కుతోంది. తెర అడుగున గీత చివరిదాకా పోయి ఆగింది. మార్కు పాడుతూనే ఉన్నాడు. పక్కన డోలక్ మీద ఎవరివో చేతులు ఆడుతున్నాయి. పెళ్ళికొడుకు జయపాల్ కోటు వేసుకుని చెమటలు కక్కుతున్నాడు. వెనక ఆడవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. ఇంట్లో వినపడుతున్నది ఫ్యాను చప్పుడొక్కటే.

రెబ్కా లోపలికి రాలేదు. పొద్దుటినుంచీ బుల్లయ్య కల్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరి వచ్చింది. మిరప కల్లంనుంచి వచ్చిన మనిషి ఒళ్ళు కడుక్కోకుండా ఇంట్లో అడుగుపెడితే ఇంటిల్లిపాదికీ తుమ్ములే. ఆ ఘాటు చీరలో ఉంటుంది, జుట్టులో ఉంటుంది, గోళ్ళకింద మరీ ఉంటుంది. సబ్బుకి పోదు, మజ్జిగకి సగం పోతుంది, మిగతా సగం మనిషితోనే పడుకుంటుంది. ఆ చేతులతో కంట్లో నలుసు పడ్డా తుడుచుకోకూడదు. కల్లంలో ఆడవాళ్ళకి ఏడుపొస్తే భుజంమీది కొంగుకి మొహం ఒత్తుకుంటారు, లేకపోతే ఊరుకుంటారు.

"తెరమీద ఏదో రాసొచ్చిందే, చూడు."

శాంతి చదివింది. దర్శిలో ఓ ప్రైవేటు బళ్ళో టీచరు కాబట్టి ఆ ఇంగ్లీషు ముక్క ఆమెకి చదవడం వచ్చింది, చెప్పడమే రాలేదు. "ఈ ఆడియో ఫార్మాటుకి సపోర్టు లేదంటమ్మా."

"అంటే?"

"అంటే... ఈ పెట్టెకి ఆ సౌండు రాదంట."

"బొమ్మ వచ్చినదానికి మాట రాకపోవడమేంటే?" అంది రెబ్కా. శాంతి పెన్‌డ్రైవు తీసి ఊది మళ్ళీ పెట్టింది. తీగ పీకి, మళ్ళీ గుచ్చింది. తన ఫోనుకి తగిలించినా అంతే, మార్కు ఇంకా చిన్నగా, ఇంకా మూగగా కనపడ్డాడు.

ఆదివారానికి మార్కు పోయి ఏడాది. ఇంటిముందు టెంటు వేసి జ్ఞాపకార్థ కూటం పెడుతున్నారు. పాస్టరుగారి వాక్యం, సంఘానికి భోజనాలు ఎవరింట్లోనైనా ఉండేవే. రెబ్కా కోరుకున్నది ఒక్కటి. ఆ రోజు నలుగురిలో మార్కు పాట ఒక్కసారి వినపడాలి. మార్టూరులో బండలకి పాలిషు పట్టీ పట్టీ, ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుని, ఆఖరి రెండేళ్ళూ ఆ మనిషికి గొంతే లేదు. శాంతి ఫోన్లో ఉన్న వీడియోలన్నీ అప్పటివే. వాటిల్లో ఉన్నవి ఊపిరాడని పిల్లికూతలు. ఇప్పుడు రెబ్కా కళ్ళు మూసుకుని గుర్తుచేసుకోబోతే ఆ పిల్లికూతలే చెవిన పడుతున్నాయి. చర్చిలో మైకు అక్కర్లేకుండా పాడిన ఆ అసలు గొంతు ఎలా ఉండేదో జారిపోతోంది. ఈ సంగతి ఆమె కూతురికి కూడా చెప్పలేదు. మొగుడి గొంతు మర్చిపోతున్నానని ఏ ఆడది చెప్పుకుంటుంది?

జయపాలే దారి చూపించాడు. మార్కుకి తమ్ముడి వరస. "మా పెళ్ళి వీడియోలో అన్న పాట మొత్తం ఉందొదినా. వీడియో తీసిన కరుణాకర్ టీవీ తెచ్చి వేసినరోజు మా ఇంట్లో అందరం చూశాం," అని పెట్టె అడుగునుంచి పెన్‌డ్రైవు వెతికి ఇచ్చాడు. ఇంట్లో పాత టీవీకి పెన్‌డ్రైవు పెట్టే చోటు ఏనాడో చెడిపోయింది. అందుకే ఈ చిన్న పెట్టె. టీవీకి తగిలిస్తే సినిమాలూ వస్తాయి, పెన్‌డ్రైవూ ఆడుతుంది. కొనేముందు రెబ్కా దర్శి షాపులో అడిగింది కూడా, "పెళ్ళి వీడియో ఆడుద్దా అండీ?" అని. "అన్ని ఫార్మాట్లూ ఆడతాయి, అట్టమీదే రాసుంది," అన్నాడు షాపాయన.

*

"రేపు రాకపోతే ఎట్టా?" అన్నాడు బుల్లయ్య, చీకటి పడకముందే కల్లం దగ్గరికి వెళ్ళి చెప్పిన రెబ్కాతో. "మబ్బు పట్టింది చూడు. చినుకు పడిందంటే కాయంతా తెల్లమచ్చ. నీకు టీవీ ముఖ్యమా, నా కాయ ముఖ్యమా?"

"టీవీ కాదయ్యా. మా ఆయన పాట."

బుల్లయ్య కాయ కింద పరిచిన పట్టా అంచు కాలితో సర్దాడు. మంచివాడే, కాకపోతే మబ్బు పడితే ఏ రైతూ మంచివాడుగా ఉండలేడు. "మధ్యాన్నానికల్లా వచ్చెయ్యి," అన్నాడు.

పొద్దున్నే తల్లీకూతుళ్ళిద్దరూ బస్సెక్కారు. బళ్ళో పరీక్షలు జరుగుతున్నాయి, సెలవడిగే వీల్లేదు. శాంతి బడి దగ్గర దిగిపోతూ, "గట్టిగా అడుగమ్మా. ఊరికే తలూపి రాబాక," అంది. రెబ్కా దానికీ తలూపింది.

శ్రీదివ్య ఎలక్ట్రానిక్స్ అద్దాల తలుపు బయట చెప్పులు విడవాలి. ఓనరు నాగేంద్రబాబు కూతురి పేరు పెట్టుకున్న షాపది. ఆయన కౌంటరు వెనక కూర్చుని మిక్సీ జారుకి గ్యారంటీ కార్డు రాస్తున్నాడు. రెబ్కా సంచిలోంచి పెట్టె తీసి అద్దంమీద పెట్టింది. ఆమె చెయ్యి తగిలినచోట ఆయన గుడ్డతో తుడిచి, రెండుసార్లు తుమ్మాడు.

"ఏంటమ్మా, మళ్ళీ?"

"బొమ్మొస్తందండీ, మాట రావట్లా."

నాగేంద్రబాబు పెట్టెను తన పెద్ద టీవీకి తగిలించి, సొరుగులోని తన పెన్‌డ్రైవు గుచ్చాడు. ఎవరో కుర్రది చీర అంచు పట్టుకుని తిరుగుతూ డాన్సు చేసింది. షాపు అద్దాలు అదిరిపోయాయి. "విన్నావా? ఎంత మోత మోగుతుందో! పెట్టెలో తప్పేముంది?"

"మాదీ పెట్టి చూడండయ్యా."

పెట్టాడు. మార్కు మూగగా పాడాడు. నాగేంద్రబాబు కాసేపు చూశాడు, తర్వాత పెన్‌డ్రైవు పీకి ఆమె ముందు పడేశాడు. "నీ ఫైల్లో ఉంది లోపం. ఎవడు చేసిచ్చాడో వాణ్ణడుగు."

"మీరు అన్నీ ఆడతాయన్నారుగా అండీ."

"ఆడుతోందిగా! ఆడట్లేదా? బొమ్మ కనపడుతోందా లేదా?"

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది ఆయన వాదన. రెబ్కా బస్సులో మనసులో అనుకున్న గట్టి మాటలన్నీ ఆ చల్లటి షాపులో ముడుచుకుపోయాయి. పోనీ ఆడేది ఇంకోటి మార్చి ఇమ్మని అడిగింది. సీలు తీశాక కంపెనీ తీసుకోదన్నాడు. ఇంతలో కారు దిగి ఎవరో దంపతులు వచ్చారు. "రండి సార్, కూర్చోండి మేడమ్," అని ఆయన లేచాడు. ఆ షాపులో కుర్చీలున్నాయని రెబ్కా అప్పుడే గమనించింది. కొన్ననాడూ నిలబడే కొన్నది, ఈనాడూ నిలబడే ఉంది. పెట్టెను అట్టడబ్బాలో పెట్టుకుని చెప్పులు వెతుక్కుంది.

మధ్యాహ్నానికి కల్లంలో ఉంది. మూతికి గుడ్డ కట్టుకుని ఎర్రకాయలోంచి తెల్లకాయ తీసి పక్కన పారేస్తుంటే చేతులు వాటంతటవే ఆడుతున్నాయి. పక్కన కూర్చున్నావిడ "ఏమన్నాడు?" అని అడిగింది. "ఏమంటాడు? నాదే తప్పన్నాడు," అంది రెబ్కా. సాయంత్రం శాంతి ఆ మాట విని ఊరుకోలేదు. షాపుకి ఫోను చేసి, తెలుగు కొంచెం, ఇంగ్లీషు ఎక్కువ కలిపి, అట్టమీద రాసిన అబద్ధాన్ని ఫోటో తీశానని, వినియోగదారుల కోర్టుకి పోతానని చెప్పింది. తల్లి పొద్దున అక్కడే నిలబడి ఆ మాటలే మెత్తగా చెప్పింది. గట్టిగా చెప్పేసరికి అవతల "మీరు", "మేడమ్" బయటికొచ్చాయి. "మీ అమ్మగార్ని పంపించండి, వేరే పెద్ద రకం ఇస్తాను, అది ఏదైనా ఆడుద్ది."

"రేపు పొదిలి పోయి ముందు ఆ కరుణాకర్ని కనుక్కుంటా," అంది రెబ్కా. "నిజంగా ఫైల్లోనే ఉందేమో లోపం. వచ్చేటప్పుడు షాపులో దిగుతా." పని మరో పూట పోతుంది. బుల్లయ్య ఏమంటాడో తెలుసు. అయినా ఇక్కడిదాకా వచ్చి ఆగాలనిపించలేదు.

*

కరుణాకర్ వీడియో మిక్సింగ్ అంటే పొదిలి బస్టాండు దగ్గర మేడమీద ఒక గది. ఒకప్పుడు పెళ్ళిళ్ళ కాలంలో మెట్లమీద దాకా జనం ఉండేవారు. ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలు, జెరాక్సు. కరుణాకర్‌కి జుట్టు పల్చబడింది, కళ్ళకింద సంచులొచ్చాయి. రెబ్కాని గుర్తుపట్టలేదు గానీ, "ప్రైజ్ ది లార్డ్ అమ్మా, కూర్చోండి," అని తన కుర్చీ ఇచ్చి తను స్టూలు మీద కూర్చున్నాడు. కుర్చీ దొరికేసరికి ఆమెకి అంతవరకూ పడ్డ అలుపంతా మోకాళ్ళలోకి దిగింది.

పెన్‌డ్రైవు పెట్టి చూసి, నవ్వాడు. "లోపం పెట్టెలోనూ లేదు, ఫైల్లోనూ లేదమ్మా. వీడియో అంటే మన మిర్చి టిక్కీ లాంటిది. బయటికి ఒకటే గోతం. లోపల బొమ్మ ఒక మూట, సౌండు ఒక మూట. రెండూ కలిపి కుట్టి ఇస్తాం. ఆ సౌండు మూట రకరకాలుగా కట్టొచ్చు. ఈ పెళ్ళికి నేను సినిమా హాలు మోతలా ఉండాలని ఆరు స్పీకర్ల రకం కట్టాను. ఆ రకం ముడి విప్పాలంటే పెట్టె చేసేవాడు వేరే లైసెన్సు కట్టుకోవాలి. చవక పెట్టెలవాళ్ళు కట్టరు. బొమ్మ మూట విప్పుతారు, సౌండు మూట పక్కన పడేస్తారు."

"మరి అట్టమీద అన్నీ ఆడతాయని రాశారే?"

"రాస్తారు," అన్నాడు కరుణాకర్. అందులో కోపమేమీ లేదు. "నేను మామూలు సౌండులోకి మార్చిస్తా. మీ పెట్టెలోనే ఆడుద్ది. డబ్బులేం వద్దులెండి, సంఘం పని."

కంప్యూటరు గురగురలాడుతూ పనిచేసింది. అతను టీ తెప్పించాడు. రెబ్కా గ్లాసు కొంగుతో పట్టుకుని తాగింది. తనకి తెలియకుండానే పెదాలు ప్రార్థన చేస్తున్నాయి. దేవుడికి ఎంత చిన్న పని చెబుతున్నానో అని సిగ్గేసింది కూడా.

"అయిపోయిందమ్మా. వినండి."

పాట వచ్చింది.

గదినిండా వచ్చింది. మార్కు నోరు తెరిచాడు, గొంతు పలికింది. చర్చిలో పెళ్ళి పెళ్ళికీ పాడే పాటే. రెబ్కా చెయ్యి గుండెమీదికి పోయింది. ఎంత బాగుంది! ఎక్కడా గరుకు లేదు, నూనె రాసినట్టుంది. ఇంత నున్నగా పాడేవాడా? పాడేవాడేమో. పిల్లికూతలు విని విని నేనే మర్చిపోయానేమో. ఇదేనన్నమాట, ఇదే మా ఆయన గొంతు. కళ్ళు నిండి తెర అలికేసినట్టయింది. కొంగుతో ఒత్తుకుని మళ్ళీ చూసింది. పెదాలు ఒక్కోసారి మాటకి ముందు పోతున్నాయి, ఒక్కోసారి వెనకబడుతున్నాయి. పాతది కదా, అట్టాగే ఉంటుందిలే అని సరిపెట్టుకుంది.

రెండో చరణంలో మార్కు పాట ఆపాడు. మైకు పక్కకి తీసి, తల భుజంలోకి తిప్పి, దగ్గాడు. ఒకసారి, ఇంకోసారి. పక్కనుంచి స్టీలు గ్లాసు పట్టుకున్న చెయ్యొకటి బొమ్మలోకి వచ్చింది. ముంజేతికి రెండు మట్టిగాజులు, మిరప పనికి నల్లబడ్డ గోళ్ళు. అది రెబ్కా చెయ్యే. మార్కు గ్లాసు అందుకుని గుక్కెడు తాగాడు.

పాట ఆగలేదు. మార్కు నీళ్ళు తాగుతున్నంతసేపూ ఆ నున్నటి గొంతు పాడుతూనే ఉంది.

రెబ్కా కంటి తడి అక్కడే ఆరిపోయింది. "బాబూ, ఈ పాడేదెవరు?"

కరుణాకర్ తెరవంక చూసి, ఆమెవంక చూశాడు. అతనికి అప్పుడు అర్థమైంది. "ఆయన... మీ ఆయనా అమ్మా?"

"ఈ పాడేదెవరని అడుగుతున్నా."

"అది స్టూడియో ట్రాకమ్మా. క్యాసెట్లో పాట. పెళ్ళి వీడియోల్లో అసలు సౌండు ఎవరమూ ఉంచం. పిల్లల ఏడుపులు, వంటవాళ్ళ కేకలు, అన్నీ పడతాయి. తీసేసి పాట వేస్తాం. ఈయన పాడిన పాటే ట్రాకు దొరికింది, పెదాలకి సరిపోయేట్టు రాత్రంతా కూర్చుని అతికించా. గొంతు కొంచెం జీరగా ఉంది, మధ్యలో దగ్గొకటి పడింది. అందుకని..."

"ఆ అసలుది ఉందా?"

"కెమెరా కార్డు తుడిచేసి పక్కరోజు ఇంకో పెళ్ళికి వాడేశామమ్మా. అందరికీ అంతే."

కీడు తలపెట్టినవాడు కాదు. రాత్రంతా కూర్చుని, కష్టపడి, ఒక మనిషి గొంతు తీసేశాడు. తిట్టడానికి కూడా వీల్లేని కష్టం. రెబ్కా లేచింది. పెన్‌డ్రైవు ఇస్తూ అతను, "పాతదీ ఉంది, కొత్తదీ ఉంది, రెండూ ఇందులోనే ఉన్నాయి," అన్నాడు తలెత్తకుండా.

"దగ్గు తీసేశావు. ఆ దగ్గుతోనే నేను కాపురం చేశా నాయనా," అని మెట్లు దిగింది.

*

దర్శిలో దిగకూడదనే అనుకుంది. దిగింది. అప్పటికే శాంతి మాట ఇచ్చేసింది, నాగేంద్రబాబు ఎదురుచూస్తున్నాడు. ఈసారి కుర్చీ చూపించాడు. ఆమె పాత పెట్టె తీసుకుని పక్కన పెట్టి, పెద్ద రకం పెట్టె తగిలించి, పెన్‌డ్రైవు అడిగి తీసుకుని, తనే గుచ్చాడు. షాపంతా ఆ క్యాసెట్ గొంతు మోగింది. అద్దాలు నిన్నటిలాగే అదిరాయి. మిక్సీ కొనడానికొచ్చిన ఆడవాళ్ళు ఆగి విన్నారు.

"అబ్బ! మీ ఆయనా అమ్మా? ఏం గొంతండీ!" అన్నాడు నాగేంద్రబాబు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. "ఇట్టాంటి పాట సౌండు లేకుండా చూస్తే ఏం బాగుంటది? తీసుకెళ్ళండి. పైన ఏం ఇవ్వక్కర్లేదు."

మిక్సీ కొనడానికొచ్చినావిడ, "దేవుడిచ్చిన గొంతమ్మా," అంది. రెబ్కా వాళ్ళందరివంకా చూసింది. ఆదివారం టెంటు కింద కూడా ఇంతే. జయపాల్ చప్పట్లు కొడతాడు. అందరూ మార్కు గొంతే అనుకుంటారు. ఇంకో ఏడాదికి తనూ అలాగే అనుకుంటుంది. పొదిలిలో రెండో చరణం దాకా అనుకుంది కదా!

"ఆ పాట కట్టెయ్యండయ్యా," అంది.

"ఏంటీ?"

"అది ఆయన కాదు. నా పాత పెట్టె నాకు ఇచ్చెయ్యండి."

"నిన్న దానికే కదమ్మా గొడవ చేశారు! దాంట్లో మాట రాదు."

"రాకూడదండి," అంది రెబ్కా. "రాని పెట్టే కావాలి నాకు."

నాగేంద్రబాబు బుర్ర గోక్కున్నాడు. ఈ జనంతో వ్యాపారం చెయ్యలేం అన్నట్టు మిక్సీ ఆడవాళ్ళవంక చూసి, పాత పెట్టెను డబ్బాలో పెట్టి ఇచ్చాడు. ఆమె దాన్ని సంచిలో అడుగున సర్దుకుంది.

ఆ రాత్రి అన్నం దగ్గర శాంతి అంతా విన్నది. కంచం పక్కకి జరిపి, "నాకు నాన్న గొంతు గుర్తుందమ్మా," అంది. "నాకు లేదే," అంది రెబ్కా. ఏడాదిగా దాచుకున్న మాట అంత తేలిగ్గా బయటపడింది. శాంతి తల్లి వీపుమీద చెయ్యి వేసింది.

*

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా టెంటు కిందికి వచ్చారు. మబ్బు విడిపోయి ఎండ కాసింది. బుల్లయ్య కాయ తడవకుండా బతికింది. పొద్దున ఆయనే పిలిచి, "సాయంత్రం రా, కాయ గోతాలకెత్తాలి," అన్నాడు. శనివారమంతా కల్లంలోనే ఉండటంతో రెబ్కా చేతులు ఇంకా మండుతున్నాయి.

పాస్టరుగారి వాక్యం అయ్యింది. శాంతి బయటికి తెచ్చిపెట్టిన టీవీ ముందుకెళ్ళి పాత ఫైలే పెట్టింది. తెరమీద ఆ ఇంగ్లీషు ముక్క ఒకసారి మెరిసి పోయింది. మార్కు నోరు తెరిచాడు. టెంటు కింద జనం సర్దుకున్నారు, చెవులు రిక్కించారు, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

జయపాల్ లేచాడు. "వదినా, సౌండు రావట్లా. ఉండు, నే చూస్తా."

"రాదులేరా. కూర్చో."

"అది కాదొదినా, అన్న పాట..."

"కూర్చోమంటున్నానా!" ఆ గొంతు విని జయపాల్ కూర్చున్నాడు. పిల్లలు కూడా గొడవ ఆపారు. మార్కు మెడనరాలు ఉబ్బుతున్నాయి. పెదాలు మాటల్ని ఒక్కొక్కటిగా వదులుతున్నాయి. ఇప్పుడు వాటికి ముందూ వెనకా ఎవరూ లేరు. రెబ్కా ముందువరసలో కూర్చుని ఆ పెదాలనే చూస్తోంది. మొదటి చరణం అయింది. ఏమీ వినపడలేదు. ఏమీ వినపడదేమో, ఇంతేనేమో అని భయమేసింది.

రెండో చరణంలో మార్కు ఆగాడు. మైకు పక్కకి తీశాడు. తల భుజంలోకి తిప్పుకున్నాడు.

ఈసారి పాట కూడా ఆగింది. పాడేవాడు ఆగితే పాట ఆగినట్టు ఆగింది. టెంటు కింద ఎవరూ కదల్లేదు. ఆ సందులో రెబ్కాకి దగ్గు వినపడింది. ముందు పొడిగా ఒకటి, వెనకే లోతుగా ఇంకోటి, చివర "ఆఁ" అని చిన్న మూలుగు. ఆ దగ్గు వెనకాలే, దగ్గి దగ్గి గొంతు సవరించుకుని "ఇట్టా తే," అని గ్లాసు అడిగిన మాట వినపడింది. జీరగా, కింది స్థాయిలో, కాస్త విసుగ్గా. ఎవడి నూనెగొంతూ కాదు. మార్కుదే.

తెరమీద ఆమె చెయ్యి గ్లాసు అందించింది. రెబ్కా కళ్ళు తుడుచుకోబోయి, చేతులవంక చూసుకుని, ఊరుకుంది. మార్కు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ పాట అందుకున్నాడు.